ఆమవాతం: కీళ్ళు వంకరపోకుండా కాపాడే ఔషధ క్రమం

కీళ్ళ నొప్పి అనగానే మన ఇళ్ళలో ముందుగా పొయ్యి మీదికెక్కేది నూనె గిన్నె. వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనో, కర్పూరం కలిపిన కొబ్బరినూనో మర్దించి వేడినీళ్ళు పోసుకుంటే నొప్పి పోతుందని మనవారి నమ్మకం. వయసు మీరి మోకాళ్ళు అరిగినవారికి ఈ ఉపచారం సుఖమిచ్చే మాట వాస్తవమే. కాని కీళ్ళ నొప్పులన్నీ ఒక్కటి కావు. ఆమవాతం అనే వ్యాధి తొలిదశలో నూనె మర్దన పనికిరాదని మన వైద్య సంప్రదాయం స్పష్టంగా చెబుతోంది. అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. ఈ వ్యాధిలో నొప్పి తగ్గడం వేరు, కీలు క్షేమంగా ఉండడం వేరు. ఈ భేదం తెలియక, నొప్పికి మాత్రమే మందు వాడుతూ కాలం గడిపి, చేతివేళ్ళు వంకరపోయిన తరువాత వైద్యుని వెతుక్కుంటూ వచ్చేవారిని నా వైద్యవృత్తిలో ఎందరినో చూశాను. అందుచేత ఈ వ్యాధి స్వరూపాన్ని, దానివల్ల కీళ్ళకు కలిగే ఉపద్రవాలను, వాటిని ఆపే మందుల క్రమాన్ని పాఠకులకు వివరిస్తాను.

ఆమం అంటే ఏమిటి?

తిన్న ఆహారం జఠరాగ్ని చేత పూర్తిగా పచనం కాక మిగిలిన అపక్వ రసానికి ఆమం అని పేరు. ఇది జిగటగా, బరువుగా ఉండి స్రోతస్సులను అడ్డగిస్తుంది. ప్రకోపించిన వాతం దీనిని మోసుకొనిపోయి కఫస్థానాలైన సంధులలో చేరుస్తుంది. అప్పుడు పుట్టే వ్యాధి ఆమవాతం. చరక సుశ్రుతులు ఆమాన్ని గూర్చి చెప్పారు గాని, ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా ఎంచి ఒక అధ్యాయం కేటాయించినవాడు మాధవకరుడు. మాధవనిదానంలో 25వ అధ్యాయం దీనికి సంబంధించినదే. ఒళ్ళు నొప్పులు, అరుచి, దప్పిక, బద్ధకం, శరీరం బరువెక్కడం, జ్వరం, అజీర్ణం, అవయవాలలో వాపు దీని సామాన్య లక్షణాలు. వ్యాధి ముదిరితే చేతులు, పాదాలు, చీలమండలు, మోకాళ్ళు వాచి, తేలు కుట్టినంత బాధ కలుగుతుందని ఆయన వర్ణించాడు.

ఆధునిక వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పిలిచే వ్యాధి లక్షణాలు చాలావరకు ఈ వర్ణనతో సరిపోలుతాయి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారి తప్పి, తన కీళ్ళ లోపలి పొర మీదనే దాడి చేయడం ఈ వ్యాధికి మూలమని వారి నిర్ణయం. ఆమమూ ఇదీ ఒక్కటేనని నేననను. అయితే వ్యాధి దేహమంతటా వ్యాపించి ఉందనీ, కీలు దాని నివాసం మాత్రమేననీ రెండు వైద్యాలూ అంగీకరిస్తాయి. పైపూతలతో మాత్రమే ఈ వ్యాధి లొంగకపోవడానికి కారణం ఇదే.

ఏ నొప్పి ఆమవాతం?

మందు వాడబోయే ముందు వ్యాధిని గుర్తించాలి. ఇంట్లో ఎవరికైనా కీళ్ళ నొప్పులు మొదలైతే ఈ క్రింది భేదాలను గమనించండి.

ఆమవాతం: చేతివేళ్ళ మొదటి కణుపులు, మధ్య కణుపులు, మణికట్లు, పాదాల వేళ్ళ మొదళ్ళు రెండు ప్రక్కలా వాస్తాయి. ఉదయం లేవగానే వేళ్ళు బిగుసుకొనిపోయి, ఆ బిగువు సడలడానికి అరగంట నుండి గంటకు పైగా పడుతుంది. ఆరు వారాలు దాటినా తగ్గదు. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్పై, నలభై ఏళ్ళ వయసులోనే రావచ్చు.

సంధివాతం: వయసుతోపాటు వచ్చే అరుగుదల. మోకాళ్ళు, నడుము, వేళ్ళ చివరి కణుపులలో ఎక్కువ. ఉదయపు బిగువు కొద్ది నిమిషాలే ఉంటుంది. నడిచినకొద్దీ, సాయంకాలానికి నొప్పి పెరుగుతుంది.

వాతరక్తం: రాత్రికి రాత్రి ఒక్క కీలు, తరచు కాలి బొటనవేలి మొదలు, ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేనంత బాధ పెడుతుంది. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగడం దీనికి కారణం.

చికున్‌గున్యా తరువాతి నొప్పులు: 2005-06లో మన రాష్ట్రంలో ఈ జ్వరం విస్తరించినప్పుడు ఎన్నో కుటుంబాలు వీటిని అనుభవించాయి. ఇవి కొన్ని వారాల నుండి నెలల పాటు ఉండి, చాలామందిలో క్రమంగా తగ్గుతాయి.

అనుమానం ఉన్నప్పుడు ఆర్.ఎఫ్., యాంటీ సీసీపీ, ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రక్త పరీక్షలు చేయించాలి. నాడి, నాలుక, మలమూత్రాలు చూచి రోగనిర్ణయం చేయడం గురుముఖంగా నేర్చినవాణ్ణి నేను. అయినా ఈ వ్యాధి అనుమానం ఉన్న ఏ రోగినీ ఈ పరీక్షలు లేకుండా పంపను. ఆర్.ఎఫ్. లేనంత మాత్రాన వ్యాధి లేదని, ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నదని అనుకోరాదు. అన్నీ కలిపి చూచి వైద్యుడే నిర్ణయించాలి.

కీళ్ళకు కలిగే ఉపద్రవాలు

కీలు లోపలి పొర వాచి, దళసరెక్కి, గోడ మీద పాకిన తీగవలె ఎముక మీదికి పాకుతుంది. మెల్లమెల్లగా మృదులాస్థిని, తరువాత ఎముక అంచును తినివేస్తుంది. ఈ నష్టం తొలి రెండేళ్ళలోనే మొదలు కావచ్చు. ఒకసారి తినబడిన ఎముకను మునుపటివలె నిలబెట్టే మందు ఏ వైద్యంలోనూ లేదు. అందుకే తొలి మూడు నుండి ఆరు నెలలు ఎంతో విలువైనవి. ఆ లోపల సరియైన మందు మొదలైతే కీళ్ళు నిలుస్తాయి.

ఆలస్యమైతే వేళ్ళు చిటికెన వేలి వైపు ఒరుగుతాయి. కొన్ని వేళ్ళు హంస మెడవలె వంపు తిరుగుతాయి. మణికట్టులో నరం నొక్కుకొని రాత్రివేళ చేయి తిమ్మిరెక్కుతుంది. వాపు తగిలిన స్నాయువు తెగి, ఒకనాడు ఉన్నట్టుండి వేలు లేవకుండా పోవచ్చు. అన్నిటికంటె భయంకరమైనది మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య కట్టు సడలడం. అందుచేత చాలాకాలంగా ఆమవాతం ఉన్నవారు మంగలి చేత గాని, మర్దన చేసేవారి చేత గాని మెడ విరిపించుకొనరాదు. శస్త్రచికిత్స అవసరమైతే మత్తు ఇచ్చే వైద్యునికి తమ వ్యాధి సంగతి ముందే చెప్పాలి.

యాప్యం: మరువరాని మాట

మా గురువుగారి ఇంట ఉండి చదువుకున్న రోజుల్లో వ్యాధులను సాధ్యం, యాప్యం, అసాధ్యం అని విభజించడం మొదటి పాఠాలలో ఒకటి. సాధ్యం అంటే నయమయ్యేది. అసాధ్యం సంగతి చెప్పనక్కరలేదు. యాప్యం అంటే మందు, పథ్యం సాగినంతకాలం అణగి ఉండి, మానగానే తిరిగి లేచేది. కూలబోయే ఇంటికి సరిగా నిలిపిన ఊతగుంజ ఎటువంటిదో, యాప్య వ్యాధికి చికిత్స అటువంటిదని సుశ్రుత సంహిత పోల్చింది. ఆమవాతంలో రెండు దోషాలు కలిసినప్పుడు యాప్యమని మాధవకరుడు చెప్పాడు. మన వద్దకు వచ్చే రోగులలో ఎక్కువమంది ఈ కోవలోని వారే.

ఇల్లు నిలబడి ఉన్నది కదా అని గుంజ తీసేస్తే ఏమవుతుంది? కొన్నేళ్ళ క్రితం ఒక గృహిణి నా వద్దకు వచ్చింది. ఆమెకు ఆధునిక వైద్యుడు వారానికి ఒకసారి వేసుకునే మాత్ర ఇచ్చాడు. ఎనిమిది నెలలలో వాపులు తగ్గాయి. నొప్పి లేదు కదా అని మాత్ర మానింది. మూడు నెలలకు వాపులు తిరిగి వచ్చాయి. ఇంతలో ఒక పెళ్ళిలో ఎవరో బంధువులు పేరు లేని పొడి పొట్లాలు తెచ్చి ఇచ్చారు. మూడు రోజులకు నొప్పి మటుమాయం. ఆకలి పెరిగింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఏడాదిపాటు ఆ పొడి తిన్నది. పొట్లాలు అందని వారంలో మంచం మీదినుండి లేవలేకపోయింది. నా వద్దకు వచ్చేసరికి కుడిచేతి వేళ్ళు ఒరిగిపోయి ఉన్నాయి, చక్కెర వ్యాధి మొదలై ఉంది. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉన్నదని లక్షణాలే చాటుతున్నాయి. ఆ పొడిని ఒక్కసారిగా మానడం ప్రాణాపాయం. కావున ఆమెను ఆనాడే కీళ్ళవ్యాధుల నిపుణుని వద్దకు పంపాను. ఆయన పర్యవేక్షణలో స్టెరాయిడ్ నెమ్మదిగా తగ్గి, వారపు మాత్ర తిరిగి మొదలైంది. వాపులు తగ్గాయి గాని ఒరిగిన వేళ్ళు సరికాలేదు. ఆ తల్లి ఇప్పుడు కూర తరుగుకోవడానికి కోడలి సాయం కోరవలసిందే.

చీటీ మీద పేరు, దినుసులు, తయారీదారు చిరునామా లేని పొడులు, గుళికలు ఎవరిచ్చినా వాడకండి. మూడు రోజులలో ఆమవాతాన్ని మాయం చేసే మూలిక నాకు తెలిసినంతలో ఒక్కటీ లేదు.

ఆయుర్వేద చికిత్సా క్రమం

చక్రపాణిదత్తుడు ఆమవాత చికిత్సను ఒక వరుసలో చెప్పాడు: లంఘనం, స్వేదనం, చేదు, కారపు రుచులు గల దీపన ద్రవ్యాలు, విరేచనం, స్నేహపానం, వస్తి. ఈ వరుసలో స్నేహం, అనగా నూనె నెయ్యిల ప్రయోగం, చివరిగా వచ్చిందని గమనించండి. ముందు ఆమం పచనం కావాలి. జిగటకు జిగట చేరిస్తే వాపు, బరువు పెరుగుతాయి. అందుకే వాపు ఉన్న దశలో తైలమర్దన మాని, ఇసుక మూటతో పొడి కాపడం పెడతాం.

లంఘనమంటే పస్తులుండడం కాదు. ఈ వ్యాధిలో కండలు త్వరగా క్షీణిస్తాయి. తేలికగా అరిగే ఆహారం మితంగా తినడమే ఇక్కడ లంఘనం. చక్కెర వ్యాధికి మందు వాడేవారు భోజనం మానరాదు.

ఔషధాలలో రాస్నాసప్తక కషాయం ప్రసిద్ధం. సన్నరాష్ట్రం, తిప్పతీగ, రేల, దేవదారు, పల్లేరు, ఆముదపు వేరు, గలిజేరు అనే ఏడింటి కషాయంలో శొంఠి పొడి కలిపి ఇస్తారు. యోగరాజ గుగ్గులు, సింహనాద గుగ్గులు వైద్యుడు రోగి బలాన్ని బట్టి నిర్ణయించేవి. సింహనాద గుగ్గులులో త్రిఫలాలు, గంధకం, గుగ్గులు, ఆముదం ఉంటాయి. ఆముదం ఈ వ్యాధిలో శ్రేష్ఠమైన విరేచన ద్రవ్యం. కాని గర్భిణులకు ఇవ్వరాదు. భస్మాలు, రసౌషధాలు స్వయంగా కొని వాడవద్దు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, పాషాణం వంటివి బయటపడ్డాయి. మన శాస్త్రానికి మచ్చ తెచ్చేవి ఇటువంటి సరుకులే.

వారానికి ఒక్కనాడు వేసుకునే మాత్ర

ఆధునిక వైద్యంలో నొప్పి మాత్రలు వేరు, వ్యాధిని అణచే మందులు వేరు. నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయి గాని ఎముక తినివేతను ఆపలేవు. ఎక్కువకాలం వాడితే కడుపులో పుండు, మూత్రపిండాలకు హాని. వ్యాధిని అణచే మందులలో మొదటిది మెథోట్రెక్సేట్.

ఈ మందు పుట్టుకతో మన తెలుగువానికి సంబంధముంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. 1923లో అమెరికా వెళ్ళారు. 1940 నుండి లెడర్లీ సంస్థలో పనిచేశారు. ఆయన నాయకత్వంలోని పరిశోధక బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానిని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లు కూడా అక్కడే పుట్టాయి. మొదట రక్తపు క్యాన్సరు కోసం ఉద్దేశించిన ఈ వర్గపు మందును 1951లో కీళ్ళ వ్యాధిలో ప్రయోగించి చూశారు. 1988లో అమెరికా ప్రభుత్వ సంస్థ మెథోట్రెక్సేట్‌ను ఆమవాతానికి ఆమోదించింది. ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పిన మహనీయుని ప్రయోగశాల నుండి వచ్చిన మందును నేను పరాయిదిగా ఎట్లా భావించగలను?

ఈ మాత్ర వాడేవారు గుర్తుంచుకోవలసినవి:

1. ఇది వారానికి ఒక్కనాడు మాత్రమే. పొరపాటున ప్రతిదినం వేసుకొని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. గోడ క్యాలెండరులో ఆ వారం చుట్టూ ఎర్ర సిరాతో గీయండి. పెద్దలకు ఇంట్లో ఒకరు స్వయంగా అందించండి.

2. తోడుగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రను మరొక రోజున, వైద్యుడు చెప్పిన ప్రకారం వేసుకోవాలి. నోటిపూత, వికారం దీనివల్ల తగ్గుతాయి.

3. ఫలం కనిపించడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. పదిరోజులలో గుణం లేదని మానరాదు.

4. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో రెండు నుండి నాలుగు వారాలకొకసారి, తరువాత రెండు మూడు నెలలకొకసారి తప్పనిసరి. మద్యం ముట్టరాదు.

5. గర్భిణులకు ఇది నిషిద్ధం. సంతానం కోరే స్త్రీలు చాలా ముందుగానే వైద్యునితో మాట్లాడి మందు మార్పించుకోవాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు మొదట్లోను, అయిదేళ్ళ తరువాత ప్రతి సంవత్సరమూ కంటి పరీక్ష చేయించుకోవాలి. సల్ఫాసలజీన్, లెఫ్లునమైడ్ కూడా రక్తపరీక్షలతో వాడవలసినవే. వీటికి లొంగని వ్యాధికి ఇంజక్షన్ల రూపంలో జీవ ఔషధాలు ఉన్నాయి. అణగి ఉన్న క్షయ వీటివల్ల మేల్కొనవచ్చు గనుక ముందుగా క్షయ పరీక్ష చేస్తారు. స్టెరాయిడ్ స్వల్పకాలం, స్వల్పమోతాదులో మేలు చేస్తుంది. దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారుతాయి, తుంటి ఎముక తలకు రక్తం అందక చెడవచ్చు.

రెండు వైద్యాలు కలిసినప్పుడు

ఆయుర్వేదం మొదలుపెట్టాం కదా, ఇంగ్లీషు మందు మానవచ్చునా అని అందరూ అడుగుతారు. మానరాదు అన్నదే నా సమాధానం. కోయంబత్తూరులో 43 మంది రోగులతో చేసిన పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఆయుర్వేదం, మెథోట్రెక్సేట్, రెండూ కలిపి ఇవ్వడం అనే మూడు పద్ధతులను 36 వారాలు పోల్చి చూడగా ఫలాలు దాదాపు సమానంగా కనిపించాయి. ఇది మనకు ఉత్సాహమిచ్చేదే. కాని 43 మంది మీద చేసిన చిన్న పరిశోధనను పట్టుకొని, కీళ్ళను కాపాడుతున్న మందును మాన్పించడం ధర్మం కాదు. వాపు, రక్తపరీక్షలు చాలాకాలం నిలకడగా ఉంటే మోతాదు తగ్గించే నిర్ణయం ఆ మందు ఇచ్చిన వైద్యునిదే.

కలిపి వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. మెథోట్రెక్సేట్ వేసుకునేవారు ఆముదంతో గట్టి విరేచనాలు చేసుకొనరాదు. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు మూత్రం ద్వారా సరిగా పోక విషమిస్తుంది. రెండవది తిప్పతీగ. 2021లో ముంబయి కాలేయ వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయపు వాపును గుర్తించారు. దీని మీద వివాదం నడిచింది. వాదం ఎటున్నా, కాలేయ పరీక్షలు అవసరమైన మందు వాడేవారు రోజూ తిప్పతీగ రసం తాగడం మంచిది కాదు. మీరు వాడే ప్రతి మూలికనూ ఇద్దరు వైద్యులకూ చెప్పండి.

ఇంట్లో చేయదగినవి

శొంఠి నీరు: పావు చెంచా శొంఠి పొడిని గ్లాసున్నర నీటిలో వేసి గ్లాసు మిగిలేవరకు కాచి, రోజంతా కొద్దికొద్దిగా గోరువెచ్చగా తాగాలి. కడుపులో పుండు ఉన్నవారు, రక్తం పలుచబడే మందు వాడేవారు వైద్యుని అడగాలి.

ఇసుక కాపడం: శుభ్రమైన ఇసుకను మూకుడులో వేయించి, దళసరి గుడ్డలో మూటగట్టి, ముంజేతి మీద వేడి చూచుకొని, పది నిమిషాలు కాపాలి. ఎర్రబడి మండుతున్న కీలుకు కాపడం వద్దు. తిమ్మిరి ఉన్న చక్కెర రోగులు జాగ్రత్త వహించాలి.

పథ్యం: పాతబియ్యపు అన్నం, జొన్నరొట్టె, ఉలవకట్టు, మునగ, కాకర, పొట్లకాయ, వెల్లుల్లి, అల్లం వేసిన పలుచని మజ్జిగ హితవు. మినప పిండివంటలు, పెరుగు, చేపలు, బెల్లపు మిఠాయిలు, బచ్చలి ఆయుర్వేదంలో అపథ్యంగా చెప్పబడ్డాయి. పాలు తగ్గించినవారు రాగిజావ తీసుకోవడం మరువరాదు. స్టెరాయిడ్ వాడేవారి ఎముకలకు సున్నం అవసరం. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. పొగతాగడం ఈ వ్యాధిని రప్పించడమే గాక, మందుల పనితనాన్ని కూడా తగ్గిస్తుంది.

కదలిక: వాపు తీవ్రంగా ఉన్నప్పుడు కీలుకు విశ్రాంతి. తగ్గగానే రోజూ గోరువెచ్చని నీటిలో వేళ్ళు ముడిచి చాచాలి. నీళ్ళ బిందెను వేళ్ళతో వ్రేలాడదీయక, చంకన ఎత్తుకొనండి. బట్టలను పిండడానికి బదులు నీరు కారేలా ఆరవేయండి.

ఆలస్యం చేయరాని సందర్భాలు

ఒక్క కీలు మాత్రం ఉన్నట్టుండి ఎర్రగా వాచి జ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు. గంటలలో ఆసుపత్రికి చేరాలి. మెడనొప్పితో చేతులు కాళ్ళు తిమ్మిరెక్కినా, నడక తడబడినా, మెథోట్రెక్సేట్ వాడుతుండగా పొడిదగ్గు, ఆయాసం, నోటిలో పుండ్లు, జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా ఆ రోజే వైద్యునికి చూపాలి.

ఆమవాతం నూటికి ఒకరికన్నా తక్కువమందికే వస్తుంది. కాని వచ్చిన ఇంట్లో అది ఏళ్ళ తరబడి ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉదయం వేళ్ళు బిగుసుకొని దువ్వెన పట్టుకోవడం కష్టమవుతుంటే, ఆరు వారాలు దాటకముందే రక్త పరీక్ష చేయించండి. మందు వాడుతున్నవారైతే నొప్పి లేని రోజున కూడా వారపు మాత్ర తప్పకండి.